అప్పన్న ఉద్యోగం

సింహాద్రి పేరెత్తితే చాలు, భిలాయి నందిని రోడ్డు కంపెనీ క్వార్టర్ల లైన్లలో ఎవడైనా క్రేను ఆగిపోయిన కథ మొదలుపెడతాడు. ఒకడు ఆ రోజు కరిగిన ఇనుమంతా నేలపాలైందంటాడు. ఇంకొకడు పోలీసులొచ్చారంటాడు. ఇనుమూ ఒలకలేదు, పోలీసులూ రాలేదు. చూడనివాడికే నోరెక్కువ. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలంటే ఆ రోజుకి పద్నాలుగేళ్ళు వెనక్కి, అప్పన్న చనిపోయిన ఎండాకాలానికి పోవాలి. ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. సింహాద్రిని ఇక్కడ మొదటి నుంచీ ఆమె అనే చెప్పుకుంటాం. ఆ మాట నేర్చుకోవడానికి లైన్లకి చాలా ఏళ్ళు పట్టింది, మనకంత తీరిక లేదు.

అప్పన్న గజపతినగరం పక్క పల్లె నుంచి పెద్ద ప్లాంటులో పని కోసం భిలాయి వచ్చాడు. అక్కడ దొరక్క, రోలర్లు పోతపోసే ఒక ప్రైవేటు ఫౌండ్రీలో చేరాడు. 1982 మే నెలలో, నేల మీద నుంచి క్రేనుకి చేతిసైగలు చేసే సిగ్నల్‌మన్ మంచినీళ్ళకి వెళ్ళిన రెండు నిమిషాల్లో, ఎవడో కింద నుంచి లేపమని కేకేస్తే క్రేనువాడు లేపేశాడు. హుక్కుకి వేలాడుతున్న ఇసుక అచ్చుపెట్టె ఒరిగి అప్పన్న మీద పడింది.

పనిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి పని ఇవ్వాలని యూనియన్ కుదిర్చిన ఒప్పందం ఉంది. అప్పన్న భార్య నూకమ్మ, మెట్రిక్ పాసైన పెద్దకూతురు రజనీకుమారిని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళింది. గుమస్తా తలైనా ఎత్తకుండా, ఆడపిల్లకి ఫౌండ్రీలో పనేమిటమ్మా, కొడుకుంటే తీసుకురా అన్నాడు. నూకమ్మ ఇంటికెళ్ళి పందొమ్మిదేళ్ళ సింహాద్రిని తీసుకొచ్చింది. తండ్రికి తలకొరివి పెట్టి, గుండు చేయించుకుని, ఇంకా వెంట్రుక మొలవని తల. కాగితం మీద కుమారుడు అని రాశారు. నూకమ్మ వేలిముద్ర వేసింది.

ఆ మాట అబద్ధమని ఆ గదిలో తెలిసింది ఒక్క సింహాద్రికే. ఆరేడేళ్ళ వయసు నుంచీ తెలుసు. చెప్పడానికి మాట దొరకలేదు. దొరికినా ఆ రోజు చెబితే ముగ్గురి నోట్లోనూ మట్టే. కొడుకునే అని తలూపి పనిలో చేరింది.

పని నేర్పింది బలరాం. అప్పన్న ఊరివాడు, అప్పన్నతో ఒకే రైలెక్కి వచ్చినవాడు, ఆ రోజు మంచినీళ్ళకి వెళ్ళిన సిగ్నల్‌మన్. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా ఎత్తడు, ఎవరూ అతని దగ్గర ఎత్తరు. సింహాద్రిని క్రేను గదిలో కూర్చోబెట్టి అతను చెప్పిన మొదటి పాఠం ఇది.

“పైనున్నోడికి కళ్ళే గాని సెవులుండవురా. కిందున్నోడి సెయ్యే నీకు దేవుడు. ఆపమని ఎవుడు సెప్పినా ఆపు. కదపడానికి మాత్రం సిగ్నల్‌మన్ సెయ్యి లేవాల. సెయ్యి లేవకపోతే బెమ్మదేవుడు దిగొచ్చినా హుక్కు కదపకు.”

ఫౌండ్రీ షెడ్డులో క్రేను నేల మీద ఉండదు. యాభై అడుగుల ఎత్తున పట్టాల మీద అటూ ఇటూ పరిగెడుతుంది. దానికి వేలాడే చిన్న అద్దాల గదిలో మనిషి కూర్చుని మీటలు తిప్పాలి. కింద కొలిమి సెగంతా పైకే వస్తుంది. హుక్కుకి కరిగిన ఇనుము నిండిన బకెట్టు, దాని కింద పిల్లాపాపలున్న మనుషులు. ఒక్కసారి కునుకు పడితే ఎవరి పసుపుకుంకాలు పోతాయో తెలియదు. ఇంటికొచ్చి పడుకున్నా సింహాద్రి చేతులు మీటలు తిప్పుతూనే ఉండేవి. ముప్ఫై దాటకుండానే రక్తపోటు మాత్రలు మొదలయ్యాయి.

అయినా ఆ గదిలోనే ఆమెకి ఊపిరాడేది. అంత ఎత్తున చూసేవాడెవడు? చెమట తుడుచుకునే తువ్వాలుని భుజం మీంచి పైటలా వేసుకుని కూర్చునేది. పెద్దయ్యాక ఆమెని ఆడమనిషిగా చూసిన మొదటి అద్దం ఆ క్రేను అద్దమే. దిగే వేళకి తువ్వాలు మళ్ళీ మెడ చుట్టూ చేరేది.

1993లో నాగపూరులో ఒక డాక్టరు దొరికాడు. నవ్వకుండా, తిట్టకుండా విన్న మొదటి మనిషి. మందులిచ్చాడు. రెండేళ్ళ తర్వాత బొంబాయిలో ఆపరేషన్ చేయించుకోవచ్చన్నాడు. ఏడాది తిరిగేసరికి ముఖం నునుపు తేలింది, ఒళ్ళు మారింది, జుట్టు హెల్మెట్ దాటి మెడ మీదకొచ్చింది. నూకమ్మకి సంగతి చెబితే నలభై రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. బలరాం ఇంకా ఘోరం. తలకొరివి పెట్టిన చేతికి గాజులేటిరా అని ఒక్క మాట అని, పక్క షెడ్డుకి మార్పించుకుని వెళ్ళిపోయాడు. కొట్టినా ఆమె అంత ఏడ్చేది కాదు.

ఆ రోజుల్లో ఆమెని నిలబెట్టింది మణిమాల. వైశాలి నగర్‌లో లేడీస్ టైలరింగ్ కొట్టు. భిలాయిలోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. ఆదివారాలు సింహాద్రి ఆ కొట్టుకెళ్ళి జాకెట్లకి హుక్సులు కుట్టేది. పైన ఫ్యాను, పక్కన రేడియో. గిరాకీకొచ్చిన ఒకావిడ మొదటిసారి దీదీ అని పిలిచిన రోజు సింహాద్రి సూది వేలికి గుచ్చుకుని, ఆ వేలే నోట్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది.

“ఆ క్రేను వదిలెయ్ దీదీ, ఛోడో న,” అనేది మణిమాల. “పైన గది ఖాళీగానే ఉంది. ఇంకో మిషను కొంటాను. ఇక్కడ నిన్ను ఎవరూ భయ్యా అనరు. బీపీ గోళీలు కూడా బంద్ అయిపోతాయి, దేఖ్‌నా.”

మనసు లాగింది. ఎందుకు లాగదు? కానీ నూకమ్మ గుండెలో పాడైన కవాటం మార్చింది కంపెనీ ఆసుపత్రి కార్డు మీద. బతికున్నన్నాళ్ళూ మింగాల్సిన మాత్రలు, నెలనెలా రక్తపరీక్ష, అన్నీ ఆ కార్డు మీదే. క్వార్టరు కంపెనీది. బొంబాయి వెళ్ళాలంటే పోగుపడిన సెలవులు కంపెనీలోనే ఉన్నాయి. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. చెప్పుకోలేనిది ఇంకొకటుంది. నిండు బకెట్టుని చుక్క తొణక్కుండా అచ్చు మూతి మీద నిలబెట్టగలిగినవాళ్ళు ఆ షెడ్డులో సింహాద్రి కాక ఇంకొకరు లేరు. ఆ గర్వాన్ని హుక్సుల డబ్బాలో పెట్టి మూత వెయ్యడం ఆమెకి చేతకాలేదు.

1996 జనవరిలో పర్సనెల్ ఆఫీసరు రామచంద్రరావు కబురంపాడు. చదువుకున్న ఇంటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కొందరు మెత్తగానే గొంతు కోస్తారు.

“చూడు సింహాద్రీ, నాకు నీ మీద కోపం లేదు. పైవాళ్ళకి ఫిర్యాదులు వెళ్ళాయి,” అన్నాడు. “ఈ హామీపత్రం మీద సంతకం పెట్టు. నేను మగవాణ్ణి, మగవాడిలాగే ఉంటాను, జుట్టు కత్తిరించుకుంటాను అని. ఫైలు మూసేస్తాను. పెట్టలేనంటావా, నందిని గని దగ్గరి గోడౌనుకి వెళ్ళు. సున్నపురాయి లెక్క రాసుకుంటూ ఉండొచ్చు, మనుషులు కనబడరు. అదీ వద్దంటే రాజీనామా.”

“ఏదీ చెయ్యకపోతే సార్?”

“నీకు ఉద్యోగం ఇచ్చింది కుమారుడు అని. కాదని నువ్వే అంటే అప్పుడిచ్చిన ఉద్యోగమే తప్పవుతుంది. పద్నాలుగేళ్ళ సర్వీసు గాలికి పోతుంది. సోమవారం దాకా ఆలోచించుకో.”

ఇంటికొచ్చేసరికి నూకమ్మ వాకిట్లో గోంగూర తుంపుతోంది. సింహాద్రి పక్కన చతికిలబడి ఆఫీసు సంగతంతా చెప్పింది. చివర, “రాజీనామా రాసిచ్చేస్తానమ్మా. మణిమాల కొట్టుకెళ్ళిపోతాను. నావల్ల కాదింక,” అంది.

“మరి నా మందులెవుడు తెత్తాడు?” అంది నూకమ్మ.

తల్లి తన తల ఒళ్ళో పెట్టుకుంటుందేమో అని ఎదురుచూసిన సింహాద్రికి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. “కుట్టి తెస్తాను,” అంది.

“కుట్టి తెత్తావా. గుండెకాయ కుట్టించుకున్నదాన్ని, నాకు తెల్దేటి ఎంతవుద్దో. ఇను. ఆ ఉజ్జోగం నీది కాదు, కంపెనీది కాదు. మీ నాయన పేణమిచ్చి కొన్నాడు. దాన్ని ఒగ్గీడానికి నువ్వెవుతివి?”

“ఉండాలంటే మగోణ్ణని రాసిమ్మంటున్నారమ్మా.”

నూకమ్మ గోంగూర కాడలు పక్కకి నెట్టింది. “పదేళ్ళప్పుడు నా సీర సుట్టుకుని అద్దం ముందు నిలబడ్డావు. గరిట కాల్చి వాత ఎట్టినాను. మానినావేటి?”

“లేదు.”

“నా వాతకి మాననిది ఆడి కాయితానికి మానతావేటి? అబద్దం రాయకు. ఉజ్జోగమూ ఒగ్గకు. జడేసుకుంటావో గాజులేసుకుంటావో నీ ఇష్టం. నవ్వేవోళ్ళ ముందు జారి పడకపోతే సాలు.” గోంగూర ఎత్తుకుని లేచి, “లెగు ఓలే, కూడొండాల,” అంది.

ఆ ఇంట్లో అప్పటిదాకా ఒరే తప్ప ఇంకో పిలుపు లేదు. ఓలే అని పిలిచేది రజనీకుమారినే. సింహాద్రి లేచింది. పొయ్యి దగ్గర చాలాసేపు ఏడ్చింది. కోపమూ ఉంది, సంతోషమూ ఉంది, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. హామీపత్రం సంగతి శనివారానికల్లా షెడ్డంతా తెలిసిపోయింది. ఆ రోజు ఫస్ట్ షిఫ్టు. బలరాం వెళ్ళిపోయాక అతని చోటులోకి ఉదయ్‌కుమార్ అనే కుర్ర సిగ్నల్‌మన్ వచ్చాడు. అచ్చుపెట్టె హుక్కుకి తగిలించారు. సింహాద్రి కిందికి చూస్తోంది. ఉదయ్‌కుమార్ చెయ్యి లేపలేదు. అరచేతులు అడ్డంగా చాచి, నడుం వంకర తిప్పి, చప్పట్లు కొట్టాడు. చుట్టూ పదిమంది పళ్ళికిలించారు.

ఆ చప్పట్లు దుర్గ్ స్టేషన్‌లో రైలెక్కి అడిగి బతికే హిజ్రాలవి. వాళ్ళని సింహాద్రి ఏనాడూ చిన్నచూపు చూడలేదు. వాళ్ళ చప్పట్లని ఎత్తుకొచ్చి తన మీద విసిరినందుకు మాత్రం ఒళ్ళు మండింది. మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాలితో తొక్కే క్రేను గంట కొట్టడం మొదలుపెట్టింది. ఆగకుండా కొట్టింది.

ఫోర్‌మన్ గురుమూర్తి పరిగెత్తుకొచ్చాడు. “ఏమైంది? ఎందుకు ఆపావ్?”

సింహాద్రి కిటికీ తీసి తల బయటికి పెట్టింది. “సైగ రాలేదు సార్.”

“చేస్తున్నాడు కదా!”

“లేపమనా, దింపమనా, ఆపమనా సార్ అది? రూలు పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండి, అలాగే కదుపుతాను.”

ఎవరూ నవ్వలేదు ఈసారి. కొలిమిలో ఇనుము కరిగి సిద్ధంగా ఉంది. అచ్చుపెట్టె జరగందే బకెట్టు రాదు, అరగంట దాటితే ఇనుము పాడవుతుంది. గురుమూర్తి వాచీ చూసుకున్నాడు. “నేను చెప్తున్నాను, లేపు. పూచీ నాది,” అని అరిచాడు.

“కింద నుంచి ఎవరో కేకేస్తే లేపినందుకే సార్ మా నాన్న పోయాడు,” అంది సింహాద్రి. “ఆ రోజు పూచీ ఎవరిదో ఇంతవరకూ తేలలేదు. నేను కదపను.”

షెడ్డులో పాతవాళ్ళందరూ తలలు దించుకున్నారు. ఉదయ్‌కుమార్ చెయ్యి ఎత్తబోయాడు, కానీ అందరూ తననే చూస్తుంటే సగంలో దించేశాడు. పదిహేను నిమిషాలైంది. ఇరవై అయింది. అప్పుడు గంట మోత విని పక్క షెడ్డు నుంచి బలరాం వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఉదయ్‌కుమార్ని భుజం పట్టి పక్కకి జరిపి, అచ్చుపెట్టె ముందు నిలబడ్డాడు. తలెత్తి అద్దాల గదికేసి చూశాడు. కుడిచెయ్యి నిటారుగా లేపి, చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు. లేపు.

సింహాద్రి లేపింది. షిఫ్టు అయ్యేదాకా అతనే సైగ చేశాడు, ఆమె తిప్పింది. చుక్క ఒలకలేదు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఆమె బలరాం పక్కకెళ్ళి, “మావా,” అంది.

బలరాం ఆమె ముఖం చూడలేదు. “సైగ నీకు సెయ్యలేదు. అప్పన్నకి సేసినాను. ఆవేళ సెయ్యలేకపోనాను.”

“అప్పన్నకే సెయ్యి మావా. అందుకునేది నేను.”

అతను తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం సింహాద్రి ఆఫీసుకి చీర కట్టుకుని వెళ్ళింది. నూకమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ నేతచీర. పక్కన నూకమ్మ. గేటు దగ్గర సైకిళ్ళు ఆగిపోయాయి. ఈలలు పడ్డాయి. కూతవేటు దూరం ఆ రోజు కోసు దూరమైంది. సింహాద్రి గబగబా నడవబోతే నూకమ్మ, “కుచ్చిళ్ళు తొక్కకు, నా పెళ్ళినాటి సీర,” అంది.

రామచంద్రరావు లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో అతనికే తెలియలేదు. సింహాద్రి కాగితం బల్ల మీద పెట్టింది. హిందీలో నాలుగు ముక్కలు. హామీపత్రం రాయను. రాజీనామా చెయ్యను. నందిని వెళ్ళను. వైద్యం కోసం ఏప్రిల్ నుంచి నా సెలవు నాకివ్వండి. కింద సింహాద్రి అని సంతకం.

“పేరు కూడా మార్చుకోలేదా?” అన్నాడతను.

“మా వైపు ఆడవాళ్ళకీ పెడతారు సార్. దేవుడి పేరు, మార్చడమెందుకు?”

“పైవాళ్ళు ఒప్పుకోరు. కుమారుడు అని...”

నూకమ్మ కుర్చీ అక్కర్లేదని నిలబడే ఉంది. “బాబూ, నాను సదుంకోనేదు. ఎనభై రెండులో నా పెద్దగుంటని తెచ్చినాను. ఆడపిల్ల వద్దు, కొడుకుని తెమ్మన్నారు. తెచ్చినాను. పద్నాలుగేళ్ళు పని సేయించుకున్నారు. ఇప్పుడు ఇది కూడా ఆడపిల్లేనని తేలినాది. అయితే ఏటి? ఇది ఎత్తిన ఇనుమంతా దించీమంటారేటి? మా ఆయన్ని పైనించి దించి నాకిచ్చీండి, ఉజ్జోగం మీకిచ్చీస్తాను.”

రామచంద్రరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఒప్పుకోకపోతే ‘ఒప్పుకోం’ అని రాసివ్వమనండి సార్,” అంది సింహాద్రి. “అప్పన్న బిడ్డ ఆడదైతే అప్పన్న చావు చెల్లదని రాయమనండి. యూనియన్ బోర్డుకి నేనే అతికిస్తాను. ముందు దీని మీద అందినట్టు ముద్ర వెయ్యండి.”

అతను ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ముద్ర వేశాడు.

ఆ మాట రాసిచ్చే మగాడు ఆ కంపెనీలో పుట్టలేదు. ఫైలు బల్ల నుంచి బల్లకి తిరిగింది. ఎవడూ సరే అని రాయలేదు, ఎవడూ కాదని రాయలేదు. సెలవు కాదనడానికి రూలు దొరక్క సెలవిచ్చారు. బొంబాయిలో మణిమాల తోడుంది. తిరిగొచ్చాక గేటు పాసు ఫొటో కలవలేదని కాపలావాళ్ళు రోజున్నర బయట నిలబెట్టారు. ఆమె రోజున్నరా అక్కడే నిలబడింది. మూడో పూట ఫోర్‌మన్ గురుమూర్తే వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు, క్రేను నడిపేవాళ్ళు చాలక.

కష్టాలు తీరిపోయాయని చెబితే అబద్ధం. బట్టలు మార్చుకోవడానికి చోటివ్వకపోతే ఊడ్చే ఆడవాళ్ళ గదిలో మార్చుకునేది. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల సగం ఖాళీ అయ్యేది. సగం బల్ల ఖాళీగా ఉంటే కాళ్ళు చాపుకుని తినేది. బీపీ మాత్రలు మానలేదు. ఆదివారం హుక్సులూ మానలేదు. నూకమ్మ నెలనెలా కార్డు పట్టుకుని మందులకెళ్ళి, వరసలో పక్కవాళ్ళడిగితే మా సిన్నగుంట కార్డు అని చెప్పేది.

బలరాం మళ్ళీ పాత షెడ్డుకే వచ్చాడు. రెండున్నరేళ్ళు కింద నుంచి చెయ్యెత్తాడు. లేపు, దింపు, ఆపు. అంతకుమించి ఆమెతో ఒక్క మాట లేదు.

1998 నవంబరులో అతను రిటైరయ్యే వారం, హైదరాబాదు నుంచి ప్రణవ్ అనే కొత్త ఇంజినీరు వచ్చాడు. టీ వేళ క్యాంటీన్ వరసలో బలరాం పక్కన నిలబడి, “క్రేన్‌లో ఎవరో ఆవిడ ఉన్నారు కదండీ. ఫౌండ్రీలో ఆడవాళ్ళకి ఈ పని ఎలా ఇచ్చారు?” అని అడిగాడు. వాళ్ళ వెనక ఇద్దరి తర్వాత సింహాద్రి నిలబడి ఉంది. బలరాం చూడలేదు. చూశాడేమో, తెలియదు.

గ్లాసు అందుకుని, ఊదుకుంటూ, “అప్పన్న కూతురు,” అన్నాడు బలరాం. “తండ్రి ఉజ్జోగం కూతురికొచ్చినాది.”

సింహాద్రి తన గ్లాసు తీసుకుని ఖాళీ బల్ల దగ్గర కూర్చుంది. కాళ్ళు చాపుకోలేదు ఆ రోజు. టీ తాగి, జడ మడిచి హెల్మెట్‌లోకి దోపుకుని, నిచ్చెనెక్కి పైకెళ్ళింది. కింద బలరాం చెయ్యి లేపాడు.